రెండు రూపాయల జిరాక్సు, పది నిమిషాల సమయం: ‘అసర్’ పరీక్ష కాగితం ఇంట్లో ఎంతవరకు పనికొస్తుంది?

ప్రోగ్రెస్ కార్డులో ‘తెలుగు – ఏ2’ అని ఉంటుంది. తల్లో తండ్రో సంతకం పెట్టి పంపేస్తారు. ఎప్పుడూ చూడని పేజీ ఒకటి ముందు పెడితే ఆ పిల్లవాడు గడగడా చదివేస్తాడా, కూడబలుక్కుంటాడా, బిక్కమొహం వేస్తాడా అన్నది మాత్రం ఆ ఏ2 చెప్పదు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలున్న ఇంట్లో ముందు తెలియాల్సింది అదే. దాన్ని పది నిమిషాల్లో తేల్చే వస్తువు ఒకటుంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు, యాప్ దింపుకోనక్కర్లేదు. అదే అసర్ పరీక్ష కాగితం.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన గ్రామీణ విద్యా సర్వే పేరు అసర్. వాలంటీర్లు ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి, 5 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివిస్తారు, చిన్న లెక్కలు చేయిస్తారు. తరచూ పత్రికల్లో ‘మూడో తరగతి పిల్లలకు రెండో తరగతి పాఠం రావడం లేదు’ అని వచ్చే వార్త ఈ సర్వేదే. 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 27.1 శాతం. 2022లో ఇది 20.5 శాతమే. ఆ అంకెల మీద చర్చలు చాలానే జరిగాయి. ఆ అంకెలు తెచ్చిన కాగితం మాత్రం సంస్థ వెబ్‌సైట్లో తెలుగుతో సహా చాలా భాషల్లో ఉచితంగా దొరుకుతుందనీ, ఇంట్లోనూ వాడుకోవచ్చనీ తెలిసినవాళ్లు తక్కువ.

కాగితం చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. బొమ్మలు లేవు, రంగుల్లేవు. తెలుగు చదువుకు సంబంధించి అందులో నాలుగు మెట్లు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగేసి వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో కాస్త పొడవైన కథ. ఒకే స్థాయిలో వేర్వేరు నమూనాలు కూడా ఉంటాయి కాబట్టి అన్నకు పెట్టింది విని తమ్ముడు అప్పజెప్పే ప్రమాదం లేదు.

అసలు తెలివంతా వాడే వరుసలో ఉంది. చాలామంది ‘అ, ఆ’ నుంచి మొదలుపెడతారు. అలా చేస్తే పేరా దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడు అలసిపోతాడు, అమ్మానాన్నలకు విసుగొస్తుంది. ఇక్కడ మొదలు పేరా నుంచి. పేరాను పదాలు విడివిడిగా ఏరినట్టు కాకుండా వాక్యంలా, మూడు తప్పులకు మించకుండా చదివితే కథ ఇవ్వాలి. నెమ్మదిగా చదివినా ఫర్వాలేదు, మాటమాటకూ ఆగితేనే రానట్టు లెక్క. కథ కూడా సాఫీగా చదివితే ‘కథ స్థాయి’, లేదంటే ‘పేరా స్థాయి’. అసలు పేరాయే రాకపోతే పదాలకు దిగాలి. ఏవైనా ఐదు పదాలు పిల్లవాడినే ఎంచుకోమని, అందులో నాలుగు సరిగ్గా చదివితే పేరా మళ్లీ ఒకసారి ఇచ్చి చూడాలి. అప్పుడూ రాకపోతే ‘పద స్థాయి’. పదాలూ రాకపోతే అక్షరాలు. అక్కడా అదే లెక్క, ఐదింట నాలుగు. ‘నువ్వే ఎంచుకో’ అనడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, సగం భయం అక్కడే పోతుంది.

ఆ పేరా స్థాయి ఎలా ఉంటుందో తెలియడానికి ఇక్కడ అల్లిన నాలుగు వాక్యాలు: ‘మా ఊరిలో చెరువు ఉంది. చెరువులో చేపలు ఉన్నాయి. గేదెలు నీటిలో ఆడుతాయి. మేము గట్టు మీద కూర్చుంటాం.’ మూడో తరగతి పిల్లవాడు ఒకడు దీన్ని ‘చేపలు ఉ...నాయి. గేదెలు నీటిలో ఆడుతాయి. మేము గటు మీద కూరు...చుంటాం’ అని చదివాడనుకోండి. తప్పులు మూడే కాబట్టి కాగితం లెక్కన గట్టెక్కినట్టే. కానీ ఆ మూడూ ఎక్కడ వచ్చాయో చూడండి. న్న, ట్టు, ర్చు. మూడూ ఒత్తులే. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, ఒత్తు దగ్గర బండి ఆగిపోతోంది. స్థాయి పేరు కంటే ఈ సమాచారమే ఇంట్లో ఎక్కువ పనికొస్తుంది. కాబట్టి చదివించేటప్పుడు పక్కనే ఇంకో జిరాక్సు పెట్టుకుని, తడబడిన అక్షరం కింద పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. అసర్ వాలంటీర్లు చివరికి స్థాయి మాత్రమే రాసుకుంటారు. ఇంట్లో వాడేటప్పుడు ఆ గీతలే ఆస్తి.

తెలుగు పిల్లలకు చిక్కులు వచ్చే చోట్లు ఇంచుమించు ఇవే ఉంటాయి. మొదటిది దీర్ఘం. ‘పలు’కూ ‘పాలు’కూ, ‘వడ’కూ ‘వాడ’కూ తేడా చిన్న గీతే. కొమ్ముకూ కొమ్ముదీర్ఘానికీ, ఎత్వానికీ ఏత్వానికీ మధ్య తడబాటు మూడో తరగతిలోనూ కనిపిస్తుంది. రెండోది ఒకదాన్నొకటి పోలిన అక్షరాలు: ప-ష-ఫ, వ-మ, న-స, ద-ధ-థ. మూడోది, అన్నిటికంటే మొండిది, ఒత్తు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరం రూపంలో ఉండవు, వాటిని విడిగా నేర్చుకోవాల్సిందే. ఇంకో గమ్మత్తు ఏమిటంటే పిల్లలకు మొదట కనిపించే మాటల్లో అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త అన్నీ ఒత్తులున్నవే. వాటిని పిల్లలు బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు, చదవరు. ‘అమ్మ’ అని టకీమని చదివినవాడే ‘కొమ్మ’ దగ్గర ‘కొమ’ అంటాడు. కాబట్టి ఇంట్లో సొంతంగా పదాల జాబితా రాసుకునేవాళ్లు చుట్టరికం మాటలు పక్కన పెట్టి కొమ్మ, గిన్నె, మెత్తని, చక్రం లాంటివి రాసుకోవాలి.

తప్పు కానివాటిని తప్పుగా లెక్కపెట్టడం ఇంకో పొరపాటు. తెలంగాణలో ‘ఉన్నాయి’ని పిల్లవాడు ‘ఉన్నయ్’ అని చదివితే అది యాస, చదువు లోపం కాదు. ‘శనివారం’ ‘సనివారం’ అయినా, ‘ళ’ ‘ల’గా పలికినా అంతే. ఇంట్లో అందరూ అలా పలుకుతూ పిల్లవాడి దగ్గర మాత్రం తప్పు పట్టడం అన్యాయం. తడబడి, వెనక్కి వెళ్లి తానే సరిచేసుకుంటే దాన్నీ వదిలేయండి. అది మంచి లక్షణం.

అసలు ఈ పరీక్షను పాడుచేసేది పిల్లలకంటే పెద్దలే. ‘ఊఁ, తర్వాత?’ అని తొందరపెట్టడం, పెదాలు కదుపుతూ మాట అందించడం, చెల్లెలి ముందు చదివించడం, అయ్యాక ‘ఇంత ఫీజు కడుతుంటే...’ అని మొదలుపెట్టడం. ఒక్కసారి అలా జరిగితే రెండోసారి కాగితం చూడగానే పిల్లవాడు కడుపునొప్పి అంటాడు. రెండో పెద్ద పొరపాటు స్కూలు పుస్తకంతోనే పరీక్ష పెట్టడం. ఆ పాఠం బట్టీ వచ్చేసి ఉంటుంది. నోరు చివరి వాక్యంలో ఉంటే వేలు ఇంకా మొదటి వాక్యం మీదే ఉంటుంది. అనుమానం వస్తే పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేంటి?’ అని అడగండి, లేదా కింది వాక్యం నుంచి పైకి చదవమనండి. నిజం బయటపడుతుంది. మూడోది ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి చూపించడం. ఒత్తులు చిన్నగా కనిపిస్తాయి, వేలు తగిలి పేజీ జరుగుతుంది. ఏ4 కాగితం మీద ప్రింటు తీసుకోవాలి.

చదువు రాని తల్లి దీన్ని వాడగలదా అన్నది న్యాయమైన ప్రశ్న. ఏ అక్షరం తప్పయిందో చెప్పలేకపోవచ్చు కానీ, పిల్లవాడు కథ చెబుతున్నట్టు చదువుతున్నాడా, రాళ్లు ఏరినట్టు ఆగి ఆగి చదువుతున్నాడా అన్నది చెవికి తెలుస్తుంది. గీతలు పెట్టే పని పక్కింటి ఇంటర్ అమ్మాయికి అప్పగిస్తే సరిపోతుంది.

లెక్కల కాగితం కూడా ఇదే పద్ధతి, కాకపోతే మొదలు తీసివేతతో. అప్పు తెచ్చుకోవాల్సిన రెండంకెల తీసివేతలు రెండు. రెండూ సరిపోతే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క. తీసివేత రాకపోతే రెండంకెల సంఖ్యలు గుర్తుపట్టడం, అదీ రాకపోతే 1 నుంచి 9. ఇక్కడ జవాబు తప్పా ఒప్పా అని మాత్రమే చూసి కాగితం మడిచేస్తే సగం నష్టం. 52 − 27కి పిల్లవాడు 35 అని రాశాడంటే పరాకు కాదు. పైన రెండు, కింద ఏడు ఉంటే ‘పెద్దదాంట్లోంచి చిన్నది’ అని ఏడులోంచి రెండు తీసేశాడు. వాడికి తీసివేత వచ్చు, 52 అంటే ఐదు పదులు రెండు ఒకట్లు అన్నది రాదు. పది పుల్లల కట్టలు ఐదు, విడిపుల్లలు రెండు ముందు పెట్టి, ఒక కట్ట విప్పించి ఏడు తీయిస్తే రెండు మూడు రోజుల్లో పట్టు దొరుకుతుంది. అదే లెక్క ఇంకో యాభై సార్లు రాయిస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. భాగహారంలో దాదాపు అందరూ జారిపడే చోటు భాగఫలంలో సున్నా. 619ని 6తో భాగిస్తే 103, శేషం 1. ఒకటిని కిందికి దింపాక అందులో ఆరు పోదు కాబట్టి సున్నా వేయాలన్నది మరిచి 13 అని రాస్తారు. ‘ఆరు పదమూళ్లు ఎంత?’ అని వెనక్కి అడిగితే 78 దగ్గర వాళ్లకే నవ్వొస్తుంది.

ఇక లోపాలు. ఈ తెలుగు కాగితం చదివించుకుంటుందే తప్ప అర్థమైందో లేదో అడగదు. గడగడా చదివి ‘చెరువులో ఏమున్నాయి?’ అంటే నోరు తెరవని పిల్లలు ఉంటారు. కాబట్టి పేరా అయ్యాక రెండు ప్రశ్నలు మనమే కలపాలి: ఒకటి జవాబు నేరుగా పేరాలో ఉన్నది, ఇంకొకటి ‘ఎందుకు’ అన్నది. రాత గురించి ఇందులో ఏమీ లేదు. పై హద్దు కూడా తక్కువ. కథ స్థాయి దాటిన నాలుగో తరగతి పిల్లకు ఇది ‘ఫర్వాలేదు’ అనడం తప్ప ఇంకేమీ చెప్పదు. ఐదో తరగతి దాటి చదువు సాఫీగా వస్తున్న పిల్లలకు దీని జోలికి వెళ్లడం దండగ.

ఇంగ్లిష్ మీడియం పిల్లల విషయంలో జాగ్రత్త కావాలి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఎక్కువగా ఇంగ్లిష్ మీడియంలో ఉన్నారు, పుస్తకాలు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్‌తో వస్తున్నాయి. అలాంటి పిల్లలకు తెలుగు కాగితంతో పాటు అసర్ ఇంగ్లిష్ కాగితం కూడా పెట్టాలి. అందులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న పదాలు, తేలిక వాక్యాలు ఉంటాయి. పదాలకూ వాక్యాలకూ అర్థం కూడా అడగమంటారు, ఆ ఒక్క విషయంలో తెలుగు కాగితం కంటే మేలు. రెండిట్లోనూ వెనకబడితే ముందు తెలుగు మీద పడండి. ఇంట్లో మాట్లాడే భాషలో చదవడం కుదిరాక రెండో భాష తొందరగా లొంగుతుంది. ‘తెలుగెందుకు, ఎలాగూ ఇంగ్లిషేగా’ అనుకునే కార్పొరేట్ స్కూలు తల్లిదండ్రులకు ఈ సలహా రుచించదని తెలుసు.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థమయ్యేలా చదవాలని ఉంది. అసర్ కాగితంలో గడియారం లేదు. ఆ లేకపోవడమే నయం. తెలుగులో ‘కూర్చుంటున్నారు’ ఒకే మాట, ఇంగ్లిష్‌లో దానికి మూడు మాటలు కావాలి. పదాలు లెక్కపెట్టి తెలుగు పిల్లల వేగం తూచడం ఇంట్లో చేసే పని కాదు.

అన్నిటికంటే పెద్ద హెచ్చరిక ఈ కాగితం చరిత్రలోనే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 280 గ్రామాల్లో ప్రథమ్, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కలిసి ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్లలో సభలు పెట్టి బడి గురించి, తమ హక్కుల గురించి చెప్పారు. ఇంకొన్ని ఊళ్లలో దానికి తోడు ఇలాంటి పరీక్షతో పిల్లల చదువు తామే తేల్చుకోవడం నేర్పారు. మరికొన్ని ఊళ్లలో వీటన్నిటితో పాటు స్థానిక యువకులకు నాలుగు రోజులు శిక్షణ ఇచ్చి, బడి వేళల బయట చదివించే శిబిరాలు పెట్టించారు. మొదటి రెండు రకాల ఊళ్లలో తల్లిదండ్రుల తీరూ మారలేదు, పిల్లల చదువూ మారలేదు. శిబిరాలకు వెళ్లిన పిల్లలకు మాత్రం చదవడం మెరుగైంది. అంటే మా పిల్లవాడికి చదువు రావడం లేదని తెలుసుకున్నంత మాత్రాన చదువు రాదు. థర్మామీటర్ పెట్టి చూసి మళ్లీ డబ్బాలో పెట్టేస్తే జ్వరం తగ్గదు కదా.

కాబట్టి కాగితం తీసిన రోజే తర్వాతి ఆరు వారాలకు రోజుకు 20 నిమిషాలు అట్టే పెట్టుకోండి. అక్షర స్థాయి దగ్గర ఆగిన పిల్లలకు వర్ణమాల మొత్తం మళ్లీ దిద్దించక్కర్లేదు. రోజుకు రెండు అక్షరాల గుణింతం గట్టిగా చదివించి, ఆ రెండిటితోనే మాటలు కట్టించాలి. ప, ల తీసుకుంటే పాల, పాలు, పిలు, పులి, పూల. అర్థం లేని మాట వచ్చినా నవ్వుకుని ముందుకు పోవచ్చు. తర్వాత పాత పేపర్ ఇచ్చి హెడ్డింగుల్లో ఆ అక్షరాలకు సున్నా చుట్టించండి. పద స్థాయి వాళ్లకు వారానికి ఒక ఒత్తు చాలు. ఈ వారం ‘న’ ఒత్తయితే గిన్నె, సన్న, వెన్న, జొన్న. నిజానికి ఎక్కువమంది పిల్లలు ఆగేది ఇక్కడే, కాబట్టి ఓపికంతా ఇక్కడ పెట్టండి. పేరా స్థాయి వాళ్లకు ఒకే పేజీ మూడుసార్లు: మొదట మీరు చదవాలి, తర్వాత ఇద్దరూ కలిసి, చివరికి పిల్లవాడు ఒక్కడే. రోజుకో కొత్త పేజీ కంటే ఇదే మేలు. స్టోరీవీవర్ వెబ్‌సైట్లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. కథ స్థాయి వాళ్లను పుస్తకం మూసి కథ చెప్పమనండి, అంతే.

ఆరు వారాలయ్యాక ఇంకో నమూనా కాగితంతో మళ్లీ చూడండి. వారం వారం చూస్తే మార్పు కనపడదు, పిల్లవాడికీ మీకూ నీరసం తప్ప.

బడిలో జరిగే తల్లిదండ్రుల సమావేశానికి కూడా ఈ కాగితమే పట్టుకెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. అలాంటి పెద్ద సందడిలో ఒక్కో తల్లికి టీచరు దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయం ‘మావాడు ఎలా చదువుతున్నాడు మేడమ్?’, ‘బాగానే చదువుతున్నాడమ్మా, కొంచెం అల్లరి’తో అయిపోతుంది. అదే గీతలు పెట్టిన కాగితం చూపించి ‘మేడమ్, పేరా చదువుతున్నాడు, ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడు. క్లాసులో కూడా ఇలాగే ఉందా? మేం ఇంట్లో న ఒత్తు, త ఒత్తు చేయిస్తున్నాం, తర్వాత ఏది పట్టుకోమంటారు?’ అని అడిగితే మాట ఇంకోలా నడుస్తుంది. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, పురోగతి గురించి టీచర్లు తల్లిదండ్రులతో క్రమంగా సమావేశం కావాలని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది, కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అలాగని కాగితాన్ని టీచరు మీద నేరారోపణలా బల్ల మీద పడేయకండి. చాలా బడుల్లో ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడిపే మనిషి ఆవిడ. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫలితం పెట్టడమైతే అసలు వద్దు, అది పిల్లవాడి పరువు.

రేటింగు ఇవ్వాలంటే: ఒకటి నుంచి నాలుగో తరగతి పిల్లలకు ఐదుకు నాలుగున్నర. అర్థం అడగనందుకు అర పాయింటు కోత. ఐదో తరగతి దాటినా చదవడం రాని పిల్లలకు కూడా అంతే విలువైనది, కాకపోతే ఆ వయసుకు గేదెలూ చేపల కథలు చిన్నతనంగా అనిపిస్తాయి. వాళ్లకు పేరా స్థాయిలోనే క్రికెట్ గురించో బైకు గురించో నాలుగు వాక్యాలు మీరే రాసివ్వండి.

తీసుకునేటప్పుడు రెండేసి ప్రతులు తీయించండి, ఒకటి పిల్లవాడి చేతిలోకి, ఒకటి మీ గీతలకు. గీతలు పెట్టిన దాని మూలన తేదీ వేసి దాచండి.